రెక్కలు కట్టుకున్నవారు కూర్చోరాదు

మా చర్చి విచారణ కింద నడిచే బడిలో పిల్లల మనశ్శాంతికి నేనే బాధ్యుణ్ణి. ఈ మాట విన్నవాళ్ళు నవ్వుతారని తెలుసు. మా ఆవిడ అందరికంటే ముందు నవ్వింది. రెండో తరగతికి ఎక్కాలు చెప్పుకునే బాలశౌరికి 'బాల సౌఖ్య సమన్వయకర్త' అనే హోదా ఎలా పట్టిందంటే, అందులో నా ప్రతిభ ఏమీ లేదు. బిషప్పుగారి మేత్రాసన విద్యాశాఖ నుంచి వచ్చిన ఉత్తర్వును మా హెడ్మిస్ట్రెస్ సిస్టర్ స్కొలాస్టికా సిబ్బంది సమావేశంలో చదివి, ఈ బృహత్తర బాధ్యత ఎవరు స్వీకరిస్తారని అడిగారు. అనుభవం ఉన్న టీచర్లందరూ తలలు దించుకుని కాఫీ గ్లాసుల్లోకి చూశారు. నా గ్లాసు అప్పటికే ఖాళీ అయిపోయింది. చూడ్డానికి ఏమీ లేక తల ఎత్తాను. అలా దొరికిపోయాను.

ఉత్తర్వు సారాంశం ఏమిటంటే, మేత్రాసనంలోని ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోవడం, వెక్కిరించుకోవడం, వెలివేసుకోవడం సమూలంగా నిర్మూలించాలి. నిర్మూలించడమే కాదు, నిర్మూలించినట్టు వచ్చి చూసేవారికి కనిపించాలి కూడా. అందరికంటే బాగా నిర్మూలించిన బడికి నవంబరులో 'నిర్మల బాల్య షీల్డు' ఇస్తారు. ఆఫీసు గదిలోని అద్దాల బీరువాలో గీతాల పోటీ షీల్డుకీ, కవాతు షీల్డుకీ మధ్య ఒక ఖాళీ ఉంది. సిస్టరు ఉత్తర్వు చదువుతూ రెండుసార్లు ఆ ఖాళీ వైపు చూశారు.

ఆ వారంలోనే జోజప్ప నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మా ఊళ్ళో ఎవరు పోయినా పెట్టె చేసేది అతనే. అతని కూతురు లూర్దు నా క్లాసులోనే చదువుతుంది. పిల్లలు దాన్ని 'పెట్టె లూర్దు' అని పిలుస్తారు. అక్కడితో ఆగితే సరిపోయేది. దాన్ని ముట్టుకుంటే ముట్టుకున్నవాళ్ళింట్లో ఎవరో ఒకరు పోతారని ఒక సిద్ధాంతం కూడా పుట్టింది. మధ్యాహ్నం అన్నాల వేళ పిల్లలంతా వరండాలో వరసగా కూర్చుంటే, లూర్దుకి అటూ ఇటూ మనిషి పడుకునేంత చోటు ఖాళీగా ఉండేది. ఈ సిద్ధాంతాన్ని కనిపెట్టింది ఎవరన్న విషయం నా మొదటి నివేదికలో 'గుర్తు తెలియని బాలిక' అని రాశాను. ఆ బాలిక పేరు జసింత. మా అమ్మాయే.

జోజప్ప గడప బయటే నిలబడ్డాడు. చొక్కా మీద చెక్కపొట్టు అలాగే ఉంది.

"పిల్ల క్యారేజీ తీసుకుపోయింది తీసుకుపోయినట్టే తెస్తందండి సారూ. పక్కన ఎవరూ కూచోరంట, ముద్ద దిగట్లేదంట. మీరు ఒక్క పిల్లని దాని పక్కన కూచోబెట్టండి, చాలు. లేదంటారా, టీసీ ఇప్పించండి. గవర్నమెంటు బళ్ళో వేసుకుంటాను."

నాకు ఆ మాట సబబుగానే తోచింది. తోచిన వెంటనే మా జసింతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి లూర్దు పక్కన కూర్చోబెట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నేను అప్పటికే సమన్వయకర్తని. సమన్వయకర్త పిల్లల్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టడు. శిక్షణ తరగతికి వెళతాడు.

శిక్షణ ఇచ్చింది మేత్రాసన బాల సౌఖ్య విభాగం సంచాలకులు ఫాదర్ ఆరోగ్యస్వామి. ఆయన మాట్లాడుతుంటే అచ్చయిన కాగితం మాట్లాడుతున్నట్టుంటుంది. చివర్లో సందేహాలుంటే అడగమన్నారు. నేను లేచి, ఇలా ఒక పాప ఉంది, పక్కన ఒక పిల్లని కూర్చోబెడితే సరిపోతుందేమో అన్నాను. ఆయన జాలిగా నవ్వారు.

"బాలశౌరిగారూ, ఒక ఉపాధ్యాయుడు తనకు తోచిన విధముగా ఒక బాలికను మరియొక బాలిక పక్కన కూర్చుండబెట్టుట వ్యక్తిగత జోక్యము. వ్యక్తిగత జోక్యము సుస్థిర ఫలితముల నీయదు. సౌఖ్యము వ్యవస్థ ద్వారా ప్రవహించవలెను."

నేను సిగ్గుపడి కూర్చున్నాను. 'ప్రవహించవలెను' అని రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను. ఎంత గొప్ప మాట అనిపించింది. నిజం చెప్పాలంటే ఇంటికొచ్చి మా ఆవిడ మీద కూడా ప్రయోగించాను. కూరలో ఉప్పు ఎక్కువైంది.

ఇక వ్యవస్థ కావాలి. అది నాకు స్నానం చేస్తుండగా తట్టింది. ప్రతి మనిషికీ దేవుడు ఒక కావలి సన్మనస్కుణ్ణి ఇచ్చాడని, ఆ దూత రెక్కలు చాచుకుని మన కుడి భుజం పక్కనే నిలబడి కాపాడుతుంటాడని జ్ఞానోపదేశం క్లాసులో పిల్లలకు ఏటా నేర్పుతాం. ఆ దూతల పండుగ అక్టోబరు మొదట్లోనే వస్తుంది. ఇక చీట్లు తీసి, ఎవరి పేరు వస్తే వాళ్ళకు తెలియకుండా ప్రార్థన చేయడం, చిన్న చిన్న మేళ్ళు చేయడం మా మఠాల్లో ఎప్పటి నుంచో ఉన్న సరదా. ఈ రెండూ కలిపేస్తే? బడిలో సగం మంది పిల్లలు కావలిదూతలు, సగం మంది రక్షితులు. ఎవరు ఎవరికి దూతో చీటీ తేలుస్తుంది. తడి తలతోనే కాన్వెంటుకి పరిగెత్తాను. సిస్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫాదర్ ఆరోగ్యస్వామి 'ఆధ్యాత్మిక పునాదులు గల స్వదేశీ నమూనా' అని మెచ్చుకుంటూ కబురు పంపారు. నా అంతటివాడు మా విచారణలో మరొకడు లేడని ఆ రోజు నాకు గట్టి నమ్మకం కలిగింది.

చీట్లు తీశాం. లూర్దు కుడి భుజం పక్కన నిలబడే కావలిదూత పదవి మా జసింతకే వచ్చింది. దైవ సంకల్పం అన్నారు సిస్టరు. చీట్లు మడిచింది నేనే కాబట్టి నేను ఏమీ అనలేదు. ఈ విధంగా జోజప్ప కోరిక వ్యవస్థ ద్వారానే తీరబోతోందని లోలోపల పొంగిపోయాను.

దూతలన్నాక రెక్కలుండాలి. అట్టముక్కలవి రెండు రోజుల్లో వంగిపోతాయని సిస్టరు జోజప్పకు పురమాయించారు. అతను సన్నటి బద్దలు వంచి, వాటి మీద తెల్లటి శాటిను గుడ్డ బిగించి, భుజాలకు తగిలించుకునే తాళ్ళతో రెక్కలు చేసిచ్చాడు. ఎంత బాగున్నాయంటే చూసిన టీచర్లు కూడా ఒకసారి తగిలించుకుని చూసుకున్నారు. అంత మంచి గుడ్డ ఎక్కడ దొరికిందని నేను అడగలేదు. సిస్టరూ అడగలేదు.

మర్నాడే తల్లిదండ్రులు వచ్చారు. దూతల తల్లిదండ్రులు రాలేదు, రక్షితుల తల్లిదండ్రులు వచ్చారు. అందరికంటే ముందు విచారణ సంఘం పెద్ద రాయపురెడ్డి.

"మా చౌరిగాడు ఒకళ్ళ కాపలాలో బతకాల్సిన ఖర్మేంది మాస్టారూ? వాడికేం తక్కువ? వాడికీ రెక్కలు కట్టండి."

కట్టాం. రాయపురెడ్డి కొడుక్కి కట్టాక మిగతావాళ్ళకు కట్టకపోతే బాగుండదని వాళ్ళకూ కట్టాం. జోజప్ప పనంతా మానుకుని రెక్కలే చేశాడు. అయితే దూతలు పెరిగి రక్షితులు తరిగిపోతుంటే కొత్త దూతలకు పని ఏం చెప్పాలన్నది సమస్య అయింది. పాత జ్ఞానోపదేశ గ్రంథం తిరగేశాను. నా అదృష్టం చూడండి, సన్మనస్కుల్లో తొమ్మిది వర్గాలున్నాయి. పరలోకంలో ఇంత చక్కటి పర్యవేక్షణ వ్యవస్థ ఉందని అప్పటిదాకా నేను గమనించలేదు. దూతలు సరిగ్గా కాపాడుతున్నారా లేదా అని చూసేందుకు ప్రధాన దూతలను నియమించాం. ప్రధాన దూతలు సరిగ్గా చూస్తున్నారా అని చూసేందుకు కెరూబులు. కెరూబుల మీద సెరాఫులు. రాయపురెడ్డి కొడుకు చౌరి నేరుగా సెరాఫు అయ్యాడు. వాడు మూడో తరగతి.

అక్టోబరు సగం గడిచేసరికి బడి మొత్తంలో రెక్కలు లేని పిల్ల ఒక్కతే మిగిలింది. లూర్దు. వాళ్ళ నాన్న వచ్చి అడగలేదు. అందరి పిల్లలకూ రెక్కలు చేయడంలో అతనికి తీరిక లేదు. నేను మనసుండబట్టలేక, ఆ పిల్లకూ ఒక జత కట్టేద్దామా అన్నాను. సిస్టరు నన్ను వింతగా చూశారు.

"దానికీ కట్టేస్తే మనం ఎవరిని కాపాడుతున్నట్టు, బాలశౌరీ?"

నిజమే కదా అనుకున్నాను. నాకు ఎవరు ఏది చెప్పినా నిజమే కదా అనిపిస్తుంది. సమన్వయకర్తకు ఉండాల్సిన మొదటి లక్షణం అదేనని తరవాత తెలిసింది.

అన్నాల గంట కొట్టగానే మరో చిక్కు వచ్చింది. కావలిదూత రక్షితురాలి పక్కన కూర్చోవాలా, నిలబడాలా? నేను కూర్చోవాలన్నాను, జోజప్ప మాట ఇంకా ఒక మూల మెదులుతూ ఉంది కాబట్టి. సిస్టరు నా చెయ్యి పట్టుకుని ఆఫీసు గదిలో గోడకున్న పటం దగ్గరికి తీసుకెళ్ళారు. విరిగిన వంతెన మీద ఇద్దరు పిల్లలు నడుస్తుంటే వెనక రెక్కలు చాచి ఉన్న కావలి సన్మనస్కుడి పటం అది. మా ఇళ్ళన్నిటిలోనూ ఉంటుంది.

"ఈయన కూర్చున్నాడా?"

"లేదు సిస్టర్."

"అన్నం తింటున్నాడా?"

"లేదు సిస్టర్."

"పిల్లల్ని ముట్టుకున్నాడా?"

ముట్టుకోలేదు. చేతులు చాచాడంతే. ఆ విధంగా నియమావళి తయారైంది. రెక్కలు కట్టుకున్నవారు కూర్చోరాదు. కాపలా సమయంలో తినరాదు. రక్షితురాలికి బారెడు దూరం పాటించవలెను. విధి విడిచిపెట్టిన దూత రెక్కలు తీసేసి రక్షితుల్లో చేర్చబడును. ఈ చివరి శిక్ష నేను చేర్చిందే. అంతకంటే ఘోరమైన అవమానం నాకు తోచలేదు.

ఇక మధ్యాహ్నం అన్నాల దృశ్యం చూడాలి. వరండా మధ్యలో లూర్దు ఒక్కతే కూర్చుని క్యారేజీ మూత తీసేది. కుడి పక్కన మా జసింత బారెడు దూరంలో నిలబడేది. దాని వెనక దూతలు, వాళ్ళ వెనక ప్రధాన దూతలు, ఆపైన కెరూబులు, మెట్ల మీద సెరాఫులు. బడంతా తెల్లగా చుట్టూ నిలబడి లూర్దు నోటివైపే చూసేది. ఆ పిల్ల తినడం అయితే గానీ మిగతావాళ్ళు తినడానికి లేదు. ఆ పిల్లకేమో ముద్ద దిగేది కాదు. ఒక ముద్ద కలిపి, చుట్టూ చూసి, మూత పెట్టేసేది. నా నివేదికలో 'వెక్కిరింపులు లేవు, వెలి లేదు, బాలిక ఏ క్షణమూ ఒంటరిగా లేదు' అని రాశాను. ప్రతి మాటా అక్షరాలా నిజం.

ఒకరోజు గంట కొట్టాక లూర్దు నా బల్ల దగ్గరికొచ్చింది. వెనక దూతలు కూడా వచ్చారు.

"సార్, నాకు రెక్కలొద్దు గానీ, వీళ్ళని కాస్త కూచోమనండి సార్."

నియమం ఒప్పుకోదమ్మా అని చెప్పాను. చెప్పేటప్పుడు దాని మొహం చూడలేకపోయాను. కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటించాను. కిటికీలో చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు.

ఇన్స్పెక్షన్ నవంబరు రెండో శుక్రవారం అని తేదీ వచ్చింది. అదే వారం జోజప్ప మళ్ళీ వచ్చాడు. ఇంకా క్యారేజీ అట్టానే తిరిగొస్తందని, ఈ శనివారం వచ్చి టీసీ తీసుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు. సిస్టరు కంగారుపడి, శనివారమే కదా, శుక్రవారం దాకా పిల్ల ఉంటుంది కదా అని రెండుసార్లు నన్ను అడిగారు. ఉంటుందన్నాను. ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఆ పూట ఏమీ బాగుండలేదు. జోజప్ప కోరింది ఒకటే. దాన్ని తీర్చడానికి పరలోకంలోని అధికార వర్గాన్నంతా కిందికి దింపాను. పిల్ల పక్కన మాత్రం ఎవరినీ కూర్చోబెట్టలేకపోయాను.

గురువారం మధ్యాహ్నం కడసారి రిహార్సల్. అంతా సర్ది స్తంభం వెనక నిలబడ్డాను. లూర్దు మూత తీసింది. కోడిగుడ్డు పులుసు. మా జసింత పొద్దున్న టిఫిన్ సరిగ్గా తినలేదు. గుటకలు మింగుతోంది.

"కూచోవే," అంది లూర్దు మెల్లిగా. "మీ నాన్న ఇటు చూడట్లేదులే."

"నేను కూచోను. నిన్ను ముట్టుకుంటే మా ఇంట్లో ఎవరో పోతారు."

"నీ వీపు మీదున్నది ఏం గుడ్డనుకున్నావు? మా నాన్న పెట్టెల్లో లోపల పరిచే గుడ్డే. ఇన్నాళ్ళ నుంచి కట్టుకుని తిరుగుతున్నావుగా. పోయారా ఎవరన్నా?"

జసింత ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కరినే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "మా నాయనమ్మకి జలుబు చేసింది," అంది చివరికి.

"జలుబుకి పెట్టె అక్కర్లా," అంది లూర్దు. ఆ విషయంలో దాని మాటకు తిరుగులేదు.

మా జసింత అటూ ఇటూ చూసి, రెక్కలు గోడకు నలగకుండా పక్కకు తిరిగి, లూర్దు పక్కన చతికిలబడింది. మెట్ల మీద నుంచి సెరాఫు చౌరి వెంటనే నా పేరు పెట్టి అరిచాడు. నేను స్తంభం వెనక నుంచి బయటికి రాక తప్పలేదు. బడంతా చూస్తుండగా నా కూతురి రెక్కలు నా చేతులతో నేనే ఊడదీసి, నువ్వు ఇకనుంచి రక్షితురాలివి అని గంభీరంగా ప్రకటించాను. అది తలవంచుకుని ఏడుస్తుందనుకున్నాను. అది సరే నాన్నా అని లూర్దు గిన్నెలో చెయ్యి పెట్టింది. తినడం అయ్యాక ఇద్దరూ చేతులు కడుక్కుని, ఇసకలో గళ్ళు గీసుకుని తొక్కుడుబిళ్ళ మొదలుపెట్టారు. రక్షితులు ఆడుకోరాదని నియమావళిలో ఎక్కడా లేదు.

దూతలు చూస్తూ నిలబడ్డారు. వీపు దురద పెడుతోంది, ఆకలేస్తోంది, తొక్కుడుబిళ్ళ కళ్ళముందే జరుగుతోంది. పైగా ఆ గుడ్డ సంగతి అప్పటికే వరండా అంతా పాకింది. వెనక వరసలో ఒక కెరూబు ఉన్నట్టుండి కూర్చున్నాడు. రెక్కలు తీసేశాను. ఇద్దరు ప్రధాన దూతలు కూర్చున్నారు. వాళ్ళవీ తీసేశాను. ఆ తరవాత నేను తీయడం వాళ్ళు కూర్చోవడం కంటే వెనకబడిపోయింది. శుక్రవారం మధ్యాహ్నానికి పిల్లల్లో రెక్కలున్నవాడు చౌరి ఒక్కడే. వాడు నా దగ్గరికొచ్చి చాలా బాధగా నిలబడ్డాడు.

"సార్, నేను కూడా ఇందాక కూచున్నాను. చెప్పడానికి పైన ఎవరూ లేరు సార్. నేనే చెబుతున్నాను."

వాడి నిజాయితీకి ముచ్చటేసి వాడివీ ఊడదీశాను.

ఫాదర్ ఆరోగ్యస్వామి వచ్చేసరికి వరండాలో పిల్లలంతా భుజాలు తగిలేలా కూర్చుని, ఒకరి గిన్నెలో ఒకరు చేతులు పెట్టి తింటున్నారు. రెక్కలన్నీ గోడవార గుట్టగా పడి ఉన్నాయి. బడి మొత్తానికి రెక్కలున్నది నాకొక్కడికే. ఇన్స్పెక్షన్ నాడు సమన్వయకర్తకు హోదాకు తగ్గట్టు ఉండాలని సిస్టరు ప్రత్యేకంగా చేయించిన అతిపెద్ద జత అది. తలుపుల్లో పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చుట్టూ చూశారు.

"రక్షకులు ఎవరు? రక్షితులు ఎవరు?"

"అందరూ రక్షితులే ఫాదర్."

"అనగా ఇచ్చట రక్షణ వ్యవస్థ అమలులో లేదు."

ఇప్పుడు ఏడిపించడాలు, వెక్కిరింపులు కూడా లేవని నసిగాను. ఆయన మళ్ళీ జాలిగా నవ్వారు.

"వెక్కిరింపులు లేకపోవుట యాదృచ్ఛికము కావచ్చును. వ్యవస్థ లేకపోవుట మాత్రము నిర్లక్ష్యము."

ఆ మాట అని, ఇచ్చిన టీ కూడా ముట్టకుండా కారెక్కారు. సిస్టరు ఆయన వెంట గేటుదాకా పరిగెత్తారు. షీల్డు పక్క ఊరి బడికి వెళ్ళింది. అక్కడి పిల్లలు తలల చుట్టూ బ్యాటరీతో వెలిగే వలయాలు పెట్టుకున్నారట.

నేను వరండా మధ్యలో ఒక్కణ్ణే రెక్కలతో మిగిలాను. అందరూ తింటున్నారు. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. ఎటు తిరిగినా రెక్క ఎవరికో ఒకరికి తగులుతోంది. అలా అందరి మధ్యలో నిలబడి ఉండడం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

"సార్, మీరూ కూచోండి," అంది లూర్దు. జసింతని కాస్త జరగమని చోటు చేసింది.

ప్రయత్నించాను. రెక్కలు గోడకు తన్ని వంగనివ్వలేదు. తాళ్ళు వెనక్కు బిగించి ఉన్నాయి, నా చేతికి అందలేదు. లూర్దు ఎడంచేత్తో నా వెనక ఏదో పట్టుకుని ఒక్క లాగు లాగింది. రెక్కలు కిందపడ్డాయి.

"మా నాన్న ముడి ఇట్టా లాగితే ఊడుద్ది సార్," అంది.

కూర్చున్నాను. గిన్నె నావైపు తోసింది. శుక్రవారం మాకు నీచు మానే రోజు కాబట్టి పప్పుచారు. రెండు ముద్దలు తిన్నాను.

శనివారం సగం పూట బడి అయ్యాక జోజప్ప తోపుడుబండితో వచ్చాడు. టీసీ మాట నేనే ఎత్తాలా అని తటపటాయిస్తున్నాను. అతను ఆ ఊసే ఎత్తలేదు. రెక్కలు ఇక అక్కర్లేదంటే తీసుకుపోతానని, గుడ్డ మంచిది, మళ్ళీ పనికొస్తుందని అన్నాడు. ఒక్కొక్క జతా దులిపి బండిలో పెట్టుకున్నాడు. నా జత దగ్గరికి వచ్చేసరికి ఆగి, గుడ్డ మీద చెయ్యి వేసి కొలిచి చూశాడు.

"ఇది మాత్రం విడిగా తీసిపెడతానండి సారూ. పెద్ద సైజు గదా, మీకే ఉంచుతాను. తొందరేం లేదు."

అతని మొహంలో వెటకారం ఏమీ లేదు. మర్యాదగానే అన్నాడు. మంచిది జోజప్పా అన్నాను.

తరవాత అతను ఆవరణలోకి తిరిగి కూతుర్ని పిలిచాడు. లూర్దు ఒంటికాలి మీద గళ్ళ మధ్యలో ఉంది. అటు మా జసింత, ఇటు చౌరి, ఇంకా నలుగురైదుగురు వంతు కోసం తోసుకుంటున్నారు.

"పొద్దు పోతంది, ఇంటికి పోదాం రా అమ్మా."

"ఉండు నాన్నా, నా వంతు అవనీ," అంది లూర్దు, తలయినా తిప్పకుండా.

జోజప్ప బండి గోడకు ఆనించి, వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. నేనూ వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను.